దింపని కందీలు

నిన్న ఆదివారం నా బిడ్డ బడి కోసమని థర్మకోల్‌తోటి అంతరిక్షంల ఇల్లు చేస్తాంది. ఇల్లంత తెల్ల పొట్టు. మనుషులు పండుకునే అర్రలల్ల చిన్న చిన్న కాగితం ఫ్యాన్లు అతికిస్తుంటే అడిగిన, "ఆడ సల్లగనే ఉంటదంటరు గద, మళ్ల ఫ్యానెందుకే?"

"సల్లదనానికి కాదమ్మా. ఆడ బరువుండదు గద, మనం ఇడిసిన గాలి ఎటూ పోదు. మొకం చుట్టే నిలబడి ఉంటది. పండుకున్నోళ్లు దాన్నే మళ్ల మళ్ల పీలుస్తరు. ఫ్యాన్ తిరగకపోతే నిద్రల్నే పానం పోతది," అన్నది. పదేండ్ల పిల్ల. టీచర్ చెప్పింది నాకు అప్పజెప్పింది, గంతే.

నా చేతిల గిన్నె ఉండె. దాన్ని ఆడనే పెట్టి, పిల్ల పండుకునే అర్రలకు పోయి ఫ్యానేసిన. అర్రల ఎవరూ లేరు. అయినా ఏసిన. ఇడిసిన గాలి అనే మాట నేను పదకొండేండ్లప్పుడు మా తాత నోట ఇన్న. మళ్ల ఇన్నేండ్లకు నా బిడ్డ నోట ఇంటనని అనుకోలే.

మాది బీదర్ దిక్కు, కమఠాణ దాటినంక వచ్చే ఊరు. బడిల కన్నడం, ఇంట్ల తెలుగు, సంతల ఉర్దూ. ఎన్ని తరాల కింద వచ్చి పడ్డమో మాకే తెల్వదు గని, ఊర్ల ఇంకా మమ్ముల తెలుగోళ్లనే అంటుండె. ఊరి బయట జర ఎత్తు మీద ఎర్ర మొరం గడ్డ. దాన్ని పాతర్ల దిబ్బ అనేటోళ్లం. ఇంటికొక జొన్న పాతర ఆడనే ఉండె, ఎత్తు మీదైతే నీళ్లు దిగవని. మూతి మనిషి దూరేటంత, లోపల రెండు నిలువుల లోతు, కడుపు కుండ లెక్క వెడల్పు. గోడలకు సొప్ప కట్టి, జొన్నలు పోసి, మూతి మీద షాబాద్ బండ ఏసి, సందులల్ల మన్ను మెత్తితే రెండేండ్లయినా పురుగు పట్టకపోయేది. కన్నడపోళ్లు దాన్ని హగేవు అంటరు. ఇప్పుడు ఏ పేరుతోటి అడిగినా చూపిచ్చేటోళ్లు లేరు. దిబ్బ మీద ప్లాట్లయినయి.

పాతర జొన్నలకు ఒక పులిసిన వాసన ఉంటది. కొత్తోళ్లు ముక్కు మూసుకుంటరు. మాకు అదే రొట్టె వాసన. పెద్దమ్మ ఆ పిండితోటి రొట్టె కొట్టి, పైన పుంటికూర ఏసి, పచ్చి ఉల్లిగడ్డ గుద్ది చేతికిస్తే, నిలబడే తినేటోళ్లం. ఆ వాసన ఇప్పుడు యాదికొస్తే నోట్ల నీళ్లూరుతయి, ఎంబడే లేచి కిటికీలు తెరుస్త. రెండూ ఒక్కసారే అయితయి నాకు.

పాతర తెరిచే పని మా తాతది. పొద్దుగాల బండ తీసి, పొద్దంత ఎవ్వరినీ దగ్గరికి రానియ్యకపోతుండె. మళ్ల గొంగడికి మోకు కట్టి లోపలికి ఇడుసుడు, గుంజుడు, ఇడుసుడు, గుంజుడు. పాత గాలిని తోడుతున్న అనేటోడు. ఆఖరుకు కందీలు ముట్టిచ్చి దింపేటోడు. అడుగుదాక పోయినంక గూడ వెలుగుతుంటేనే మనిషి దిగాలె. ఆరితే మళ్ల గొంగడి పట్టుడే. నాకు పదకొండు పడ్డ వానకాలంల ఆ మోకు నా చేతికిచ్చిండు. మెల్లగ ఇడిసిన. కందీలు అడుగుకు పోయినంక మంట నీలమై, ఎవరో ఊదినట్టు ఆరింది.

"చూసినవా? జొన్నలు గూడ ఊపిరి తీసుకుంటయి బిడ్డా. అవి ఇడిసిన గాలి అడుగున పండుకొని ఉంటది. మన కండ్లకు కనబడదు. దీపానికి కనబడ్తది," అన్నడు తాత.

పక్కన అక్క గూడ ఉండె. ఇన్నది.

అక్క అంటే మా పెద్దబాపు, పెద్దమ్మల బిడ్డ. నాకంటే మూడేండ్లు పెద్ద. బీదర్ల విమానాలు నడుపుడు నేర్పే జాగ ఉన్నది గద, పొద్దుందాక అవి మా నెత్తి మీదనే చక్కర్లు కొడుతుండె. మాకందరికి ఆ మోత అలవాటే. అక్క మాత్రం రొట్టె పెనం మీద ఇడిసిపెట్టి బయటికి ఉరికేది. రొట్టె మాడేది, పెద్దమ్మ తిట్లందుకునేది. ఇగ బడిల ఒక మాస్తర్, మనుషులు భూమి ఇడిసిపెట్టి ఆకాశంల నెలలకు నెలలు ఎట్ల బతుకుతరో పాత పత్రికల బొమ్మలు చూపిచ్చి చెప్పిండంట. పిల్లకు పిచ్చి పట్టింది.

పేలపిండిల బెల్లం నీళ్లు కలిపి, పాల కవర్ల పోసి, మూల కత్తిరిచ్చి చీకేది. ఆడ పళ్లెం పెట్టుకోనీకి రాదంట, మెతుకు కింద పడక గాలిలనే తిరుగుతదంట. నాకూ ఒక కవరిచ్చేది. పెద్దమ్మ దాసిన బెల్లం సగమైంది, నింద పిల్లి మీద పోయింది. ఆడ నిలబడే పండుకుంటరని, పెద్దబాపు రుమాలుతోటి తనను గుంజకు కట్టెయ్యమనేది. ఒకసారి కట్టేసి నేను చింతకాయలకు పోయి మర్చిపోయిన. వచ్చేసరికి నిజంగనే గురక పెడుతుండె.

తాతతోటి పంచాయితీ పెట్టుకునుడంటే ఆమెకు మస్తు ఇష్టం.

"తాతా, ఆడ పోసిన ఉచ్చ వడగట్టి మళ్ల తాగుతరంట."

తాతకు పండ్లు లేవు. రొట్టెను దవడలతోటి నమిలేటోడు. నములుడు ఆపిండు. "గంత దూరం పోయి గది తాగుడు దేనికే? ఈడ నీళ్లకేం పుట్టింది?"

"ఆడ ఏమీ ఉండదు తాతా. గాలి గూడ ఉండదు. మూసిన అర్రల ఉంటరు. చెట్లు పెట్టుకుంటే అవి గాలిస్తయి."

"గాలి లేని జాగ చూడనీకి ఆకాశందాక ఎందుకు పోవుడు? మన పాతరల లేదా?" అని నవ్విండు తాత.

అక్క నవ్వలే. నా దిక్కు చూసింది. నాకప్పుడేం అర్థం కాలే.

అవి హైదరాబాద్ల అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులు. మా ఊరి మగోళ్లంత ఆడికి సెంట్రింగ్ పనికి పోయిన్రు. మా బాపు, పెద్దబాపు గూడ పోయిన్రు. ఊర్ల మిగిలింది ఆడోళ్లు, ముసలోళ్లు, మేము. చేన్లు సగం బీడు పడ్డయి. ఆ ఏడు మా పాతర నింపనే లే. నిరుటి జొన్నలు తోడినంక అడుగున ఇంత మిగిలితే మూసిపెట్టిండు తాత. ఎండకాలంల గాలిదుమారం వచ్చి రెండు వానలు కొడితే లోపలికి నీళ్లు దిగినయి.

పెద్దబాపు కబురు పంపిండు. బడులు తెరువకముందే వచ్చి పెద్దమ్మను, అక్కను తీసుకపోతడంట. అక్క పని కాడ మనుషులకు వంట చెయ్యాలె. బడి బందు.

అక్క మూడు దినాలు ఎవరితోటి మాట్లాడలే. నాలుగో నాడు నన్ను దొడ్డెనుకకు తీసుకపోయి మెల్లగ చెప్పింది. "మూసిన అర్రల చెట్లతోటి ఒక పొద్దంత ఉంట. ఎట్లున్నదో నోటుబుక్కుల రాస్త. మాస్తర్‌కు చూపిస్త. బీదర్ల బడి పిల్లలు చేసినయి చూపిచ్చే పండుగ ఉంటది గద, దానికి పంపుతడు. గప్పుడు మాస్తరే బాపుతోటి మాట్లాడ్తడు. బాపు మాస్తర్ మాట తీసెయ్యడు."

"ఏ అర్రల?"

"పాతరల."

నేను వద్దంటననుకొని నా చెయ్యి పట్టుకున్నది. "నాకు ఇదొక్కటే తోవ ఉన్నదే. ఇది పోతే జీవితమంత సిమెంటు కుప్పల కాడ రొట్టెలు కొట్టుకుంట కూసోవాలె," అన్నది. నేను సరే అన్న. మళ్లొక పొద్దు నన్ను గూడ కూసోబెడ్తనన్నది. ఆశ నాకూ ఉండె, ఎందుకు దాసుడు.

ఆనాడు ఆడోళ్లంత కందికట్టె ఏరుకొచ్చుకుందమని చేన్లకు పోయిన్రు. తాత ఇంటి అరుగు మీద కూసొని నులక పేనుతుండె. మేం ఇద్దరం ఆయన కంట పడకుండ దొడ్డి తోవల దిబ్బ మీదికి రెండు తులసి కుండీలు, డబ్బాల పెట్టిన పుదీన, గోనెసంచిల నాలుగు దినాల సంది మొలకేసిన జొన్నలు మోసినం. మొలకలు ఎన్నుంటే గాలి అంత ఎక్కువని అక్క లెక్క. ఎండలేని జాగల చెట్టు గూడ మన లెక్కనే గాలి గుంజుకుంటదని, మొలకెత్తే గింజ ఇంకా ఎక్కువ గుంజుకుంటదని మాస్తర్ చెప్పలేనో, చెప్పిన నాడు అక్క బడికి పోలేనో. మాకు తెల్వదు.

నాకు నేనే ఇంటికి పోయి కందీలు తెచ్చిన. గాసునూనె నింపి, వత్తి దులిపి, అగ్గిపెట్టెతోటి సహా తెచ్చిన. అది చూసి అక్క మొకం చిట్లిచ్చింది.

"అదెందుకు?"

"దింపి చూడాలె గద. తాత..."

"దీపం ఆక్సిజన్ తింటది. లోపల ఉన్న జరంత గాలిని అదే తింటే నాకేం మిగులుతది? తాత దగ్గర చెట్లు లేవు, అందుకే ఆయనకు కందీలు గావాలె. నాకు చెట్లున్నయి. బ్యాటరీ లైటున్నది. బ్యాటరీ గాలి తినదు."

ఆమె తొమ్మిదో తరగతి, నేను ఆరు. కందీలును పక్కన రాయి మీద పెట్టిన. అగ్గిపెట్టె దాని పక్కన పెట్టిన.

ఇద్దరం కలిసి బండ జరిపినంక, అక్క పాతర కాడుండే నిచ్చెన ఏసుకొని దిగి, కుండీలు ఒక్కొక్కటి అందుకొని అడుగున పెట్టింది. వాసన మస్తుగ ఉన్నదన్నది. మళ్ల పైమెట్టు దాక ఎక్కి, బండను ఈపుతోటి లేపింది. నేను ఇవతల నుంచి గుంజిన. నాలుగు చేతులు పడితే గని ఆ బండ కదలలే. మూతి పడ్డది. ఒక సుతిలి తాడు సందులకెళ్లి బయటికి తీసుకున్నం. నేను వెయ్యి దాక లెక్కపెట్టి ఒకసారి గుంజాలె, ఆమె రెండుసార్లు గుంజాలె. గంతే మాట. గాలి బయటికి పోతే ఆకాశంల చస్తరని అక్క చెప్పింది గనుక, ఎర్రమన్ను పిసికి చుట్టూ మెత్తిన. యాడ సన్న సందు గూడ ఇడవలే. నా చేతులతోటే మెత్తిన.

మొదటి వెయ్యికి గుంజిన. రెండుసార్లు గుంజింది. రెండో వెయ్యికి గూడ గుంజింది. మూడోసారి జర ఆలస్యమైంది, ఒక్కసారే గుంజింది. నాలుగోసారి ఏం లేదు.

మన్ను ఎండి సుతిలి పట్టుకున్నదనుకున్న. ఇట్ల కదిపిన, అట్ల కదిపిన. మళ్ల వెయ్యి లెక్కపెట్టిన. ఆ వెయ్యి ఎందుకు లెక్కపెట్టిన్నో నాకు ఇయ్యాల్టికీ తెల్వదు. ఆట చెడగొట్టినవని తిడ్తదని భయం. ఇగ తర్వాత గోర్లతోటి మన్ను గీకిన. బండకు నోరు ఆనిచ్చి "అక్కా, అక్కా" అని ఒర్లిన. బండను గుంజితే ఇసుమంత కదలలే. రెండో చేతుల జత లోపల ఉండె. అది గప్పుడు అర్థమైంది నాకు.

దిబ్బ మీదినుంచి ఇంటికి ఉరికిన. దారిల ఒక్క మగమనిషి ఎదురు రాలే. తోవ పొంటి ఇండ్లకు తాళాలు. తాత నా మొకం చూసి, "ఏమైందే?" అన్నడు. "అక్క పాతరల ఉన్నది," అన్న. నులక ఆడనే పడేసి గడ్డపార అందుకున్నడు. నా భుజం మీద గొంగడి, మోకు ఏసి, "నడువు," అన్నడు. మోకాళ్ల నొప్పులతోటి పాయఖానకే గోడ పట్టుకొని పోయే మనిషి, ఆ దినం గడ్డపార ఊతం చేసుకొని దిబ్బ ఎక్కిండు. పక్కింటి ముసలామెను ఆడోళ్లను పిలువనీకి చేన్లకు తోలిండు.

గడ్డపార సందుల పెట్టి ఇద్దరం కలిసి ఎత్తితే బండ జరిగింది. లోపలికి చూసిన. బ్యాటరీ లైటు ఇంకా వెలుగుతుండె. తులసి కుండీల నడుమ అక్క పక్కకు ఒరిగి ఉండె, బడిల నిద్రపోయినట్టు. నేను నిచ్చెన మీద కాలు పెట్టిన. తాత నా జుట్టు పట్టి ఎనుకకు ఈడ్చిండు.

"ఇడువు తాతా, అక్క..."

"దిగితే నువ్వూ లేవవు. ఒక్కదాన్ని పోగొట్టుకున్నది సాలదా?" అన్నడు. అప్పటికే పోగొట్టుకున్నదన్నడు.

రాయి మీద కందీలు కనబడ్డది ఆయనకు. ఒక్క క్షణం దాన్ని చూసిండు, నన్ను చూసిండు. ముట్టిచ్చి దింపిండు. సగం కాడనే ఆరింది. గొంగడికి మోకు కట్టి నా చేతికిచ్చిండు. ఇడుసుడు, గుంజుడు. చేతులు కొట్టుకపోయినయి. మళ్ల దింపిండు. అడుగు కాడ ఆరింది. మళ్ల గొంగడి. అక్క ఆడనే ఉన్నది, రెండు నిలువుల కింద, పేరు పెట్టి పిలిస్తే ఇనబడేటంత దగ్గర. మేం దీపం కోసం చూస్తున్నం.

గప్పుడు ఆడోళ్లు ఉరికొచ్చిన్రు. పెద్దమ్మ ముందుగాల వచ్చింది. లోపలికి చూసి ఇగ దుంకబోయింది. "పట్టుకోన్రి దాన్ని," అన్నడు తాత. నలుగురు పట్టుకున్నరు. పెద్దమ్మ వాళ్ల చేతులు కొరికింది. "నా బిడ్డ ఆడ కనబడ్తాంది. కనబడ్తాంది మామా. నీ దీపం ఏందయ్యా, ఇడిసిపెట్టు నన్ను," అని మొత్తుకున్నది. తాత ఆమె దిక్కు చూడలే. మూడోసారి కందీలు దింపిండు. మంట చిన్నగైంది, నీలమైంది, ఆరుతదనుకున్నం. ఆరలే.

మా అమ్మ నడుముకు మోకు కట్టుకొని దిగింది. అక్కను పైకి తెచ్చి మొరం మీద పండబెట్టిన్రు. నీళ్లు కొట్టిన్రు, అరచేతులు రుద్దిన్రు, నోట్ల గాలి ఊదిన్రు. ఊపిరి లేదు. బీదర్ దవాఖానకు జీపుల తీసుకపోయినా ఆ మాటే చెప్పిన్రు.

నోటుబుక్కు మా అమ్మ కొంగుల పెట్టుకొని తెచ్చింది. కన్నడంల మంచిగ, కుదురుగ రాసి ఉండె. ఒకటోసారి: బాగుంది. రెండోసారి: బాగుంది, ఉక్కపోత. మూడోసారి: తల నొప్పి, నిద్ర వస్తున్నది, మొక్కలు బాగున్నవి. నాలుగు అని అంకె ఏసి ఉండె. దాని పక్కన ఏం లేదు.

పెద్దబాపు ఆమెను తీసుకపోనీకి రావాల్సినోడు, కాలపెట్టనీకి వచ్చిండు.

మూడో దినం ఇంట్ల అందరు కూసున్నప్పుడు పెద్దమ్మ నా గదుమ పట్టుకొని అడిగింది. "దిగేముందు కందీలు దింపాలని మీకు తెల్వదా? ఎవరూ చెప్పలేదా మీకు?"

నేను తాత మొకం చూసిన. "తెల్వదు," అన్న.

నా చేతికే మోకిచ్చి నేర్పిన మనిషి. ఆయన ఒక్క మాటంటే నా అబద్దం బయటపడుతుండె. తలకాయ దించుకొని, "వాళ్లకేం తెలుసు. నేనే చెప్పలే," అన్నడు తాత.

"చెప్పలే. గాలి లేని జాగ పాతరల ఉన్నదని మాత్రం చెప్పినవు. బిడ్డ కింద పడి ఉంటే దీపంతోటి ఆటలాడినవు," అన్నది పెద్దమ్మ. ఆ తర్వాత తాత బతికిన మూడేండ్లు ఆమె ఆయనతోటి మాట్లాడలే. మళ్ల హైదరాబాద్ గూడ పోలే. పళ్లెం గూడ చేతికియ్యలే. ఇంట్ల పళ్లెం పట్టుకొని అరుగు మీదికి పోయేది నేనే. పొద్దుమాపు, మూడేండ్లు. తాత పళ్లెం అందుకొని, "నువ్వు తిన్నవా?" అని అడిగేటోడు. గంతే అడిగేటోడు. ప్రతిసారి చెప్పుదమనుకున్న. లోపలికి పోయి నిజం చెప్పుదమనుకున్న. రేపు అనుకున్న. తాత సచ్చిపోయిండు. రేపు ఇగ రాలే.

నిన్న బిడ్డ ఫ్యాన్లు అతికిస్తుంటే నేను బాల్కనీలకు పోయి పెద్దమ్మకు ఫోన్ చేసిన. బీదర్ల మా తమ్ముని ఇంట్ల ఉంటది ఇప్పుడు. చెవులు సరిగ ఇనబడవు. గట్టిగ చెప్పాల్సి వచ్చింది, ఇన్నేండ్లు కడుపుల దాసుకున్న మాట పక్క ఫ్లాటోళ్లకు గూడ ఇనబడేటట్టు.

"పెద్దమ్మా, ఆనాడు కందీలు తెచ్చింది నేనే. దింపాలని నాకు తెలుసు. తాత నాకు నేర్పిండు. తెల్వదని అబద్దమాడిన."

ఫోన్ కట్టయిందనుకున్న.

"తెలుసు," అన్నది.

"ఏం తెలుసు?"

"రాయి మీద అగ్గిపెట్టె ఉండె గదనే. మామ గడ్డపార పట్టుకొని పోయిండని ముసలామె చెప్పింది. మళ్ల కందీలు ఎవరు తెచ్చినట్టు?"

ఆడనే కింద కూసున్న. "మరి తాతను ఎందుకన్నవు పెద్దమ్మా? మూడేండ్లు..."

"నిన్నంటే నువ్వు బతుకకపోతుంటివి. పదకొండేండ్ల పిల్లవు. ఎవ్వరినీ అనకుంటే నేను బతుకకపోతుంటి. ఆయన తప్పు తన మీద ఏసుకుంటనని తలకాయ వంచిండు. ఏసిన." ఊపిరి తీసుకున్నది. "ఆయనకు గూడ తెలుసు, నాకు తెలుసని."

నాకు ఏడుపు ఆగలే. నా ఒక్క మాటకు ఆ ఇద్దరు మూడేండ్లు ఒక్క కప్పు కింద మాటలు లేకుండ బతికిన్రు. నేను వాళ్ల నడుమ పళ్లెం మోసుకుంట తిరిగిన, ఏమీ తెల్వనట్టు. పెద్దమ్మ నన్ను ఏడువనిచ్చింది. తర్వాత మెల్లగ, ఏదో మర్చిపోయింది యాదికొచ్చినట్టు చెప్పింది.

"పళ్లెం నా చేతితోటి ఇయ్యలే గని, రొట్టె మాత్రం నేనే కొట్టిన బిడ్డా. మీ అమ్మను ముట్టనియ్యలే. పాలల్ల నానేసి, మెత్తగ చేసి పెట్టిన. ఆయనకు పండ్లు లేకుండె గద."